విశాఖ గాలికి సాక్షి యెవరు?

సాక్షి లేని వ్యాజ్యము న్యాయస్థానమున నిలువదు. సాక్షులుండియు వారిని పిలువని విచారణ విచారణ యనిపించుకొనదు. విశాఖపట్టణపు గాలిని, ఇసుకను, సముద్రమును గూర్చి గడచిన తొంబది యేండ్లుగా జరుగుచున్నది ఈ రెండవ తెగకు చెందిన విచారణయే. యంత్రములు సాక్ష్యము చెప్పినవి, నిపుణులు చెప్పిరి, కంపెనీల లెక్కలు చెప్పినవి. దినమునకు ముమ్మారు ఇల్లూడ్చుకొను పాత పట్టణపు గృహిణిని బోనెక్కించి "అమ్మా, నీవేమి చూచితివి?" అని యడిగినవారు లేరు. తెల్లవారకముందే తీరమున నిలిచి నీటి రంగును చూచు జాలరిని అడిగినవారు లేరు. మా వాదమంతయు ఇంతే. నిత్యజీవితమున మార్పును మొట్టమొదట చూచువారు సామాన్య ప్రజలు; వారి సాక్ష్యము లేక చేయు నిర్ణయము ఏకపక్షపు తీర్పు; అట్టి తీర్పును విశాఖ ప్రజలు శిరసావహింప నక్కరలేదు.

ఈ మాట చెప్పువారికి వెంటనే అభివృద్ధి నిరోధకులని పేరు పెట్టుట నేటి యాచారము. కనుక ముందుగా ఆ నిందకు సమాధానము చెప్పుదుము. విశాఖ రేవును చూచి గర్వింపని యాంధ్రుడు లేడు. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి 'జలదుర్గ' లోరేవున ప్రవేశించిన దినము ఈ తీర చరిత్రలో పెద్ద దినమే. పరప్రభుత్వము కన్నెఱ్ఱ చేయుచున్న కాలమున, 1941 జూన్ 21న, బాబూ రాజేంద్రప్రసాదు ఇచ్చట నౌకా నిర్మాణశాలకు శంకుస్థాపన చేసెను. 1948 మార్చి 14న 'జల ఉష' నీటిలోనికి దిగినపుడు స్వతంత్ర భారతము తన చేతులతో ఓడను కట్టుకొనగలదని లోకమునకు తెలిసెను. ఇక ఉక్కు మాట చెప్పనేల? "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ఆంధ్రదేశమంతయు ఎలుగెత్తినది. అమృతరావు నిరాహారదీక్ష పూనెను; తెన్నేటి విశ్వనాథముగారు ఉద్యమమునకు పెద్దదిక్కై నిలిచిరి; 32 మంది ప్రాణములు బలియైనవి. 64 గ్రామములవారు తాతలనాటి భూములను విడిచిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992లో కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ప్రాణమిచ్చి తెచ్చుకొన్న ప్రజలకు పరిశ్రమపై ద్వేషమున్నదనువాడు చరిత్ర నెరుగడు. భూమి నిచ్చినవారు, రక్తము నిచ్చినవారు, ఇప్పుడు ఊపిరిని గూర్చి యడుగుచున్నారు. ఆ యడుగుటకు వారికంటె నర్హులెవరు?

మొదటి సాక్షి చీపురు. రేవున బొగ్గు దిగును. ఉక్కు కొలిమికి కావలసిన బొగ్గు ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలపై వచ్చును. ఓడనుండి దించుట, గుట్టగా పోయుట, గుట్టనుండి తోడి రైలుపెట్టెలకు ఎత్తుట, ఇట్లు అడుగడుగునను పొడి లేచును. నైఋతి గాలి వీచు నెలలలో ఆ పొడికి దారి చూపనక్కర లేదు; పాత పట్టణము, జ్ఞానాపురము గాలివాటున నున్నవి. ఉదయము కడిగిన గచ్చు మీద మధ్యాహ్నమునకు నల్లని పొర పేరును. ఆరవేసిన పంచె మసిబారును. నీళ్లకుండపై మూత, అన్నపు గిన్నెపై మూత, తుదకు కిటికీలకును మూత. సముద్రపు గాలికి ఎదురుగా కాపురముండి, ఆ గాలి ఇంట చొరకుండ తలుపులు బిగించుకొను దౌర్భాగ్యము మరియే తీరపట్టణమునకు పట్టినది? తలుపులు బిగించినచో ఉక్క, తెరచినచో మసి. ఈ రెంటి నడుమ ఇల్లాలు దినదినము చేయు చాకిరి ఏ కంపెనీ లెక్కలోను ఖర్చుగా వ్రాయబడలేదు. రేవు లాభములో ఆమె చీపురు కూలి కలిసియున్నది. ఆమెకు ముట్టినది మాత్రము దగ్గు.

ఇందుకు అధికారుల ప్రత్యుత్తరమేమి? "ప్రమాణములను మించలేదు" అని. ఆ ప్రమాణము లెట్టివో పాఠకులు తెలిసికొనవలయును. 1994లో మన దేశము విధించిన ప్రమాణములలో గాలిలో తేలు మొత్తము ధూళికి ఒక లెక్క యుండెను. 2009లో వచ్చిన క్రొత్త ప్రమాణములు ఆ లెక్కను తొలగించి, పది మైక్రానులకు లోబడిన సన్నని ధూళిని, రెండున్నర మైక్రానులకు లోబడిన మరింత సన్నని ధూళిని మాత్రమే పట్టించుకొన్నవి. సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతునకు పోవును గనుక దానిని కొలువవలసినదే. అందు మాకు విప్రతిపత్తి లేదు. కాని గచ్చు మీద కనబడు ముతక నల్లపొడి ఆ దినమునుండి జాతీయ ప్రమాణమునకు వెలిపడినది. ఇల్లాలు కంటితో చూచునది ప్రమాణములో లేదు. ప్రమాణములో నున్నది ఆమె కంటికి కనబడదు. అప్పుడు ఆమె ఫిర్యాదు చేసిన "నీ వీధిలో ధూళి లేదు" అని కాగితము చూపుట ఎంత సులభము!

సగటు మాయ వేరొకటి గలదు. పది మైక్రానుల ధూళికి ఇరువది నాలుగు గంటల సగటు, ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు మించరాదని మన నిబంధన. ఒక ఉదాహరణము చూతము. పదునెనిమిది గంటలు 40 చొప్పున నుండి, బొగ్గు కదలిన ఆరు గంటలు 250 చొప్పున నున్నదనుకొందము. సగటు కట్టిన 92.5 మాత్రమే వచ్చును. ప్రమాణము నిలిచినది; ఆ ఆరు గంటలు ఊపిరి పీల్చిన పసివాడు నిలిచెనా? మోకాలిలోతు సగటు గల యేటిలో మునిగిపోయినవాని బంధువులకు సగటు చెప్పి యోదార్చునట్లున్నది ఈ వ్యవహారము. మరియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఈ ధూళికి సాలు సగటు 15కు మించరాదని చెప్పగా, మన నిబంధన 60 వరకు అనుమతించుచున్నది. తెలుగువాని ఊపిరితిత్తి తక్కిన లోకపు ఊపిరితిత్తికి నాలుగింతలు గట్టిదని ఎవరు పరీక్షించి తేల్చిరో మాకు తెలియదు.

ప్రభుత్వమునకు ఈ సంగతి తెలియదనుటకు వీలులేదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందలి పారిశ్రామిక ప్రాంతములను పరీక్షించి, 43 ప్రాంతములను తీవ్ర కాలుష్య ప్రాంతములుగా నిర్ణయించినపుడు అందు విశాఖపట్టణ మొకటి. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు పథకము ఆరంభించినపుడు ప్రమాణములు తప్పిన నగరముల పట్టికలోను విశాఖ పేరు చేరెను. రోగి పేరు రెండుమార్లు పట్టిక కెక్కినది. వైద్యుడు వచ్చి నాడి చూచినది మాత్రము ఎన్నడు?

"బొగ్గు కదలిన పొడి లేవక మానునా? నీరు చల్లుచున్నాము, చెట్లు నాటుచున్నాము, కప్పులు వేయుచున్నాము" అని రేవువారందురు. చల్లుట, నాటుట, కప్పుట మంచి పనులే. అవి చాలునో చాలవో పాత పట్టణపు గచ్చు చెప్పును. చెట్ల మాటయందురా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పగటిలో ఈ నగరపు చెట్లను ఎట్లు నేలగూల్చినదో అందరు చూచితిమి. ధూళికి చెట్టునొక్కదానినే కాపు పెట్టుట గాలివానకు గొడుగు పట్టుటయే. పొడి లేవక మానదను మాటను మాత్రము మేము నమ్మము. దానికి ప్రత్యక్ష నిదర్శనము ఈ విశాఖయందే యున్నది. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును పొడిచేసి, నీటితో కలిపి, కిరండూలునుండి విశాఖకు 267 కిలోమీటర్లు గొట్టములో ప్రవహింపజేయు నేర్పాటు ఇరువది యేండ్లుగా నడచుచున్నది. కొండలు, లోయలు దాటివచ్చు ఆ ఖనిజము దారిలో ఏ ఇంటి గచ్చును నల్లచేయదు. అది ప్రజల మీది దయచేత జరిగిన పని కాదు. అట్లు తెచ్చిన రవాణా ఖర్చు తగ్గును గనుక జరిగినది. లాభమున్నచో 267 కిలోమీటర్లు మూసి తేగలవారికి, ఓడ ప్రక్కనుండి రైలుపెట్టె వరకు నాలుగడుగులు మూసి నడిపించుట చేతకాదా? చేతనగును. పొడివలని నష్టము వారి చిట్టాలో పడినదినముననే చేతనగును. అంతవరకు అది జ్ఞానాపురపు ఇల్లాలి చిట్టాలో పడుచుండును.

రెండవ సాక్షి తీరము. మన తూర్పు తీరమున కెరటములు ఊరకే వచ్చిపోవునవి కావు. ఏటిలో ఎక్కువ కాలము అవి దక్షిణమునుండి ఉత్తరమునకు ఇసుకను మోసికొని పోవుచుండును. రేవు కట్టిన యింజనీర్లకు ఈ నిజము మొదటనే యెదురయ్యెను. రేవు మొగను ఇసుక పూడ్చివేయకుండ రెండు పాత ఓడలను తెచ్చి డాల్ఫిన్ నోస్ కొండ దాపున ముంచి అడ్డుకట్టగా చేసిరి. ఇసుకను అడ్డగించిన రేవునకు మేలే. కాని దక్షిణమున ఆగిన ఇసుక ఉత్తరమునకు చేరవలసిన ఇసుక గదా! ఒకని వాటా ఆపినపుడు ఇంకొకని పళ్లెము ఖాళీ యగును. 1976లో వెలిరేవు వచ్చిన పిమ్మట గోడలు మరింత ముందుకు సాగినవి. నేడు రేవువారు డ్రెడ్జరుతో ఇసుకను తోడి రామకృష్ణ బీచిపై పోయుచున్నారు. సముద్రము ఉచితముగా చేయుచుండిన పనిని మనము చమురు కాల్చి చేయుచున్నాము. ఒక యేడు పోయుట తప్పిన, రోడ్డు క్రింద కెరటము చేయి పెట్టును. సాయంకాలము షికారునకు పోవు మనకు బీచి యొక వినోదము. పెద జాలారిపేటవారికి అది పెరడు, కళ్లము, కొట్టు. తెప్పను లాగి పెట్టుట అక్కడనే, వల బాగుచేయుట అక్కడనే, చేప ఎండబెట్టుట అక్కడనే. పది గజముల ఇసుక పోయినదన్న, మనకు నడక కొంత తగ్గును. వారికి కళ్లము పోవును.

ఆ జాలరులను చదువురానివారని త్రోసివేయుట మన విద్యావంతులకు అలవాటు. వారు ఒడ్డు కనబడు నంత దూరమున, రెండు కొండల కొమ్ములను ఒక వరుసకు తెచ్చి చూచి, నీటి క్రింద రాయి యెచ్చట, చేప యెచ్చట నున్నదో గుర్తుంచుకొందురు. ఏ గాలికి ఏ నీరు కదలును, ఏ నెలలో ఏ చేప ఒడ్డుకు చేరును, మునుపు దొరకి యిప్పుడు దొరకనిదేది, వారి మాటలలో నున్నది. ఒక తరము చూచినది మరియొక తరమునకు చెప్పి నిలుపుకొన్న దస్తావేజు అది. రెండు ఋతువుల నీటి నమూనాలు తీసి నివేదిక వ్రాయు సలహాదారుల కంపెనీకి, నలుబది యేండ్లు అదే నీటిలో వల వేసిన వానికి, ఎవరి సాక్ష్యము బరువైనది? సాక్ష్యచట్టము మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెనని చెప్పుచున్నది. తాను చూచినదానిని చూచినవాడే చెప్పవలెను. ఆ గీటురాయిపై గీచినచో జాలరి ప్రత్యక్ష సాక్షి. నివేదికలో సగము వినికిడి. అయినను గంగవరమున క్రొత్త రేవు కట్టునపుడు దిబ్బపాలెము ఖాళీయైనది. 2009లో రేవు తెరువబడినది. తరతరములుగా తమదైన తీరము తమకు పరాయిదైనదని అచ్చటి మత్స్యకారులు మొరపెట్టుకొనుచునే యున్నారు. నష్టపరిహారపు పట్టికలో ఇంటికి వెల యున్నది, పడవకు వెల యున్నది. సముద్రమును చదువు విద్యకు వెల కట్టిన పట్టిక మేము చూడలేదు.

మూడవ సాక్షి ముక్కు. ఇచ్చట చరిత్రలోని యొక వింతను జ్ఞాపకము చేయవలసియున్నది. ఆంగ్ల ప్రభుత్వపు దినములలో మద్రాసు మ్యూజియము అధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్ దొర దక్షిణదేశమందలి కులములను, తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటముల గ్రంథము ప్రకటించెను. ఆ సంపుటములకై మన జనుల తలలను, ముక్కులను పరికరములతో కొలిపించెను. ముక్కు వెడల్పును బట్టి మనుష్యుని అంతస్తును నిర్ణయింపవచ్చునని ఆనాటి శాస్త్రజ్ఞులు కొందరు తలచిరి. ఆ శాస్త్రము నేడు చెల్లదు. మానవశాస్త్రజ్ఞులే దానిని త్రోసిపుచ్చిరి. కాని పరిపాలనలో ఆ స్వభావము పోలేదు. నాడు దొరలు మన ముక్కును కొలిచిరి. ముక్కు చెప్పునది వినలేదు. నేడు మన యధికారులు గాలిని కొలుచుచున్నారు. ముక్కు చెప్పునది వీరును వినరు.

వినకపోవుటవలన నేమగునో 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ చూచినది. 1961లో హిందూస్థాన్ పాలిమర్స్ పేర స్థాపింపబడి, 1997లో ఎల్.జి. సంస్థ చేతికి వచ్చిన కర్మాగారమున, తొట్టిలోని స్టైరీను వేడెక్కి ఆవిరియై ఆర్.ఆర్. వెంకటాపురముపై క్రమ్ముకొనెను. నిద్రలో నున్నవారు నిద్రలోనే స్పృహ తప్పిరి. పరుగెత్తినవారు దారిలో కూలిరి. 12 మంది మరణించిరి. వందలమంది ఆస్పత్రుల పాలైరి. దొడ్డిలో కట్టివేసిన పశువులు కట్టుగొయ్యల వద్దనే చచ్చినవి. స్టైరీను వాసన మిక్కిలి స్వల్పమైనను ముక్కుకు తెలియును. కాని తెలిసినవాడేమి చేయవలెనో ఆ యూరివారికి ముందెన్నడు చెప్పినవారు లేరు. కర్మాగారమున 36 చోట్ల సైరను మ్రోగించు నేర్పాటుండియు ఎవరును మ్రోగింపలేదని రాష్ట్ర ప్రభుత్వము నియమించిన సంఘమే 2020 జూలైలో వ్రాసెను. ఇది మొదటి హెచ్చరిక యనుకొందురా? 1984లో భోపాలు మాట యట్లుండనిండు. 1997 సెప్టెంబరు 14న ఈ విశాఖలోనే చమురు శుద్ధి కర్మాగారమున గ్యాసు మండి 60 మంది వరకు మరణించిరి. ఇరువదిమూడేండ్ల తరువాత ఇరుగుపొరుగుకు సైరను లేదు. పరిహారపు మొత్తములు ప్రకటింపబడినవి. మరణించినవాని వెల తెలిసినది. బ్రదికియున్నవానికి ముందుగా మేలుకొలుపు ఖరీదెంతయో ఎవరును చెప్పలేదు.

ఇట్టి సాక్ష్యములను సేకరించుటకు ఒక శాస్త్రము గలదు. అదే మానవశాస్త్రము. థర్‌స్టన్ నాటి పరికరములను పారవైచి, ఆ శాస్త్రము నేడు జనుల నడుమ కాపురముండి, వారు తినునది, త్రాగునది, పని చేయు వేళ, పేర్లు పెట్టు రీతి చూచి నేర్చుకొనుచున్నది. అమెరికా పండితుడైన చార్లెస్ నకోల్స్ విశాఖ జాలరుల నడుమ పరిశోధన చేసి 1996లో గ్రంథము ప్రకటించెను. ఇంట రోగము వచ్చినను, వల ఖాళీగా వచ్చినను, వారు సోదె అడిగి, అమ్మవారి యలుకకు మూలమైన బాంధవ్యపు తగవు ఏదియో వెదకుదురని అందు చూపెను. దీనిని మూఢవిశ్వాసమని నవ్వువారు నవ్వుదురు గాక. ఆపద వచ్చినపుడు ఏ సంబంధము చెడినదని యడుగుట ఆ జాలరుల మర్యాద. ఆపద వచ్చినపుడు పరిహారమెంత యని మాత్రమే యడుగుట మన ప్రభుత్వముల మర్యాద. రేవునకు ఊరికి గల సంబంధము చెడినది. కర్మాగారమునకు ఇరుగుపొరుగునకు గల సంబంధము చెడినది. దానిని వెదకి చక్కజేయక ఎంత ధనము పోసినను తగవు తీరదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ నగరముననే యున్నది. అందు మానవశాస్త్ర శాఖయు కలదు. ఒక్కొక్క పేటలో నిత్యజీవితమున వచ్చిన మార్పును ఏటేట వ్రాయించు పనిని ఆ శాఖకు అప్పగించుటకు ప్రభుత్వమునకు అడ్డమేమి?

సామాన్యుల సాక్ష్యమును త్రోసివేసిన ఫలితము జపానుదేశపు మినమాట ఎరుగును. ఆ తీరపు బెస్తల ఇండ్లలో ముందుగా పిల్లులు వెర్రెత్తి గంతులువేసి చచ్చినవి. బెస్తలు చూచిరి, చెప్పుకొనిరి. 1956లో ఆ రోగము మనుష్యులలో నున్నదని వైద్యులు వ్రాసికొనిరి. చిస్సో కంపెనీ సముద్రములోనికి వదలిన పాదరసమే కారణమని జపాను ప్రభుత్వము ఒప్పుకొనుటకు 1968 వరకు పట్టినది. ఆ పండ్రెండేండ్లు బెస్తలు ఆ చేపలనే తినుచుండిరి. విషము గర్భములోని శిశువులకు సోకెను. పిల్లి సాక్ష్యమును బెస్తవాడు నమ్మెను. బెస్తవాని సాక్ష్యమును ప్రభుత్వము నమ్మలేదు.

"ప్రజల మాట వినుటకు ప్రజాభిప్రాయ సేకరణ యున్నది గదా" అని కొందరందురు. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము పెద్ద పరిశ్రమలు అనుమతికి ముందు బహిరంగ విచారణ జరుపవలసిన మాట నిజమే. కాని విచారణకు ముందిచ్చునదేమి? సంగ్రహము స్థానిక భాషలో నుండవలెనని నిబంధన. వందల పుటల మూల నివేదిక సాధారణముగా ఇంగ్లీషుననే యుండును. ప్రతివాదికి అర్థముకాని భాషలో అభియోగపత్రము నిచ్చి "నీ సమాధానమేమి?" అనుట ఎట్టి న్యాయము? 2020లో ఆ ప్రకటనను మార్చు చిత్తును రాజ్యాంగపు టెనిమిదవ షెడ్యూలులోని భాషలలోనికి అనువదింపుడని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు చేయగా, కేంద్ర ప్రభుత్వము ఆ ఉత్తర్వు మీద పైకోర్టుకు పోయెను. ప్రజలకు వారి భాషలో చెప్పుట తప్పించుకొనుటకు ప్రజల ధనముతోనే వ్యాజ్యము!

చట్టము మన పక్షముననే యున్నది. నిర్మలమైన గాలి, నీరు జీవించు హక్కులోని భాగమని 1991లో సుభాష్‌కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ప్రమాదకర వ్యాపారము చేయువాడు దానివలని హానికి సాకులు లేక బాధ్యుడని మెహతా వ్యాజ్యమున 1986లోనే చెప్పియుండెను. చెరచినవాడే చెల్లింపవలెననియు, హాని లేదని నిరూపించు భారము పరిశ్రమ నడుపువానిపైననే యున్నదనియు 1996లో వెల్లూరు పౌరుల వ్యాజ్యమున నిర్ణయించెను. ఈ కడపటి మాటను పాఠకులు గట్టిగా పట్టుకొనవలయును. బొగ్గుపొడి వలన దగ్గు వచ్చినదని ఇల్లాలు రుజువు చేయనక్కర లేదు. తన బొగ్గు ఆమె ఇంటికి చేరలేదని పొడి లేపినవాడు రుజువు చేయవలయును. ధర్మాసనము ఇట్లు చెప్పియున్నను, వీధిలో భారము ఇంకను ఆమె నెత్తినే యున్నది.

ఇక కడపటి యాక్షేపణ: "పరిశ్రమలు పోయిన కూలివాని కూడెట్లు?" ఇది గొప్ప ప్రశ్న, కాని దీనిని అడుగువాడు కూలివాడు కాడు. కూలివాని పేర దొర యడుగుచున్నాడు. రేవు కూలివాడు జ్ఞానాపురముననే యుండును. వాని బిడ్డయే దగ్గుచున్నాడు. ఉక్కు కర్మాగారమును పూర్తిగా అమ్మివేయుదుమని 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినపుడు, దానిని కాపాడుటకు వీధిన బడిన వారు ఆ కార్మికులే. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడుటకు వారి పోరాటము ముఖ్య కారణము. పరిశ్రమను కాపాడుకొనవలెనని, ఊపిరిని కాపాడుకొనవలెనని కోరుచున్నది ఒకే నోరు. ఆ రెండును ఒకదానికొకటి పగయని చెప్పువారు, ఒకదానిని అమ్మి రెండవదానిని చెరచువారు.

కావున మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. మొదట, విశాఖ రేవులన్నిటను బొగ్గు ఓడనుండి రైలు వరకు మూసిన దారిలోనే నడువవలయును. ఇందుకు గడువు తేదీ ప్రకటింపవలయును. రెండవది, గచ్చు మీద పడు ముతక ధూళికిని ప్రమాణము విధించి, గంటగంటకు లెక్కను పేటలలో తెలుగున ప్రకటింపవలయును. ఇరువది నాలుగు గంటల సగటు వెనుక ఎవరును దాగరాదు. మూడవది, తీరమున ఒక్క రాయి వేయుటకు ముందును జాలరుల సాక్ష్యమును వారి మాటలలోనే వ్రాసికొని నివేదికలో చేర్పవలయును. నాలుగవది, ప్రమాద రసాయనముల నుంచు ప్రతి కర్మాగారపు ఇరుగుపొరుగున సైరను నెలకొకమారు మ్రోగించి, ఎటు పరుగెత్తవలెనో పసిపిల్లలకు సైతము నేర్పవలయును. ఐదవది, బహిరంగ విచారణకు వచ్చు ప్రతి నివేదిక సంపూర్ణముగా తెలుగున నుండవలయును. లేనిచో ఆ విచారణ చెల్లదని చట్టము చేయవలయును.

ప్రభుత్వము చేయువరకు చేతులు కట్టుకొని కూర్చుండుడని మేము చెప్పము. వర్తకుడు క్రమము తప్పక వ్రాసికొను చిట్టాకు న్యాయస్థానము విలువ నిచ్చును. వీధి తన చిట్టాను ఏల వ్రాసికొనరాదు? ప్రతి పఠనమందిరమున ఒక పుస్తక ముంచుడు. ఏ దినమున ఏ గాలి వీచినది, గచ్చు ఎన్నిమార్లు తుడువవలసి వచ్చినది, ఎవరి యింట దగ్గు, ఏ వేళ ఏ వాసన, ఏ చేప దొరకినది, ఒడ్డు ఎన్ని గజములు లోనికి వచ్చినది, తేదీ వేసి వ్రాయుడు. వ్రాయనేర్చినవారు వ్రాయనేరనివారి మాటను వ్రాయుడు. చదువు నేర్చినందుకు ఫలమదియే. ఒక యేడు గడచిన పిమ్మట ఆ పుస్తకములన్నియు ఒకచోట చేర్చి అధికారుల బల్లపై పెట్టుడు. "ఫిర్యాదులు లేవు" అని వ్రాయు కలము అప్పుడు ఆగును. సాక్షి బోనులో నిలిచి ప్రమాణము చేసిన తరువాత, వినుట మానుట యే న్యాయాధిపతికిని సాధ్యము కాదు.